మా ఎరువుల షాపులో సౌండ్ బాక్స్: పలికేదెంత, పలకనిదెంత

ఫోన్‌తో కొట్టిన పైసలు ఖాతాలో పడగానే ఎంత పడ్డాయో పైకి చదివే సౌండ్ బాక్స్‌ను కౌంటర్ మీద పెట్టి మాకు రెండు పంటలు దాటాయి. 2025 వానాకాలం ఒకటి, దాని వెనకొచ్చిన యాసంగి ఒకటి. ఎరువుల షాపులో ఏ వస్తువు సంగతైనా నాట్లప్పుడే తేలుతుంది కాబట్టి ఇప్పుడు రాయొచ్చనుకుంటున్నా. ఏ కంపెనీదో చెప్పను, బజార్లో తిరిగేవన్నీ దాదాపు ఒకే తీరు. ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ కోసేసిన ఒకటిన్నర ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నా.

మాది మిర్యాలగూడ, సాగర్ రోడ్డు. మామయ్య పెట్టిన షాపు. యూరియా, డీఏపీ, విత్తనాలు, పురుగుమందులు. గోదాము, లారీలు, ఊళ్లల్లో వసూళ్లు మావారివి. కౌంటరూ కంప్యూటరూ నావి. నాగార్జున సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొదిలారంటే చాలు, వేములపల్లి నుంచి, త్రిపురారం నుంచి, దామరచర్ల నుంచి వచ్చే ఆటోలూ ట్రాక్టర్లతో పొద్దున ఎనిమిదికల్లా షాపు ముందు కాలు పెట్టే సందుండదు. ఆ గిరాకీలో ఎవరు పైసలు కొట్టారో, ఎవరు కొట్టినట్టు చూపించారో పట్టుకోవడం మనిషి వల్ల కాదు.

ముందు మంచి చెప్తాను. బాక్స్ రాకముందు రైతు ఫోన్ తెచ్చి మొహం ముందు పెట్టేవాడు, "పైసలు కొట్టిన మేడం, చూడు" అని. పచ్చ టిక్కు కనబడేది, మా షాపు పేరు కనబడేది, హమాలీకి బస్తా ఎత్తమని చెయ్యూపేదాన్ని. ఆ పచ్చ టిక్కుకు ఇప్పుడు పూచిక పుల్ల విలువ లేదు. షాపు పేరు, రూపాయలు టైప్ చేస్తే అచ్చం అసలు యాప్ లాంటి తెర చూపించే నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి, టింగుమనే చప్పుడుతో సహా. పాత స్క్రీన్‌షాట్ మీద తేదీ మార్చుకొచ్చేవాళ్లు వేరే. సౌండ్ బాక్స్‌కు కొనేవాళ్ల ఫోన్‌తో పని లేదు. దాని లోపల దాని సిమ్ దానికుంటుంది. చెల్లింపు పూర్తయిందని కంపెనీ సర్వర్ నుంచి కబురొస్తే అదే చదువుతుంది. ఎదుటివాడి తెర మీద ఎంత అందమైన టిక్కున్నా ఇది నోరు విప్పదు.

దీనివల్ల నాకు కలిసొచ్చిన ఇంకో సంగతి ఏ ప్రకటనలోనూ రాయరు. మా గిరాకీ అంతా తెలిసినవాళ్లే, తరాల నుంచి వస్తున్నవాళ్లే. "నీ ఫోన్ ఇట్లా తే, నిజంగా పడ్డాయో లేదో చూస్తా" అంటే మొహం మాడుతుంది. "అన్నా, డబ్బా ఇంకా పలకలేదు" అంటే ఎవరికీ కోపం రాదు. తప్పు డబ్బా మీదికి పోతుంది.

ఇక లోపాలు. మొదటిది, ఇది రూపాయలు చదువుతుంది గానీ పేరు చదవదు. పచారీ కొట్టులో ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. మా దగ్గర చాలా పెద్దది. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, రెండు బస్తాలు 533. మొన్న వానాకాలం యూరియాకు కటకటైనప్పుడు మనిషికి రెండు చొప్పునే ఇచ్చాం. అంటే వరసలో ఉన్న ప్రతి ఒక్కరూ కొట్టేది 533 రూపాయలే. బాక్స్ "ఐదు వందల ముప్పై మూడు రూపాయలు అందాయి" అనగానే ముగ్గురు ఒకేసారి తలెత్తి "నావే" అంటారు. ముగ్గురిలో ఇద్దరు అబద్ధం ఆడుతున్నారని కాదు, ముగ్గురూ కొట్టే ఉండొచ్చు, ఒకటే పలికి ఉండొచ్చు. కానీ కావాలని ఆడేవాడికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. పక్కవాడి చెల్లింపు మీద తన బస్తాలు ఎత్తుకుపోవచ్చు, నకిలీ యాప్ కూడా అక్కర్లేదు.

దీనికి మేం పట్టుకున్న దారి యూటీఆర్. ప్రతి యూపీఐ చెల్లింపుకూ పన్నెండంకెల నంబరొకటి ఉంటుంది, కొట్టినవాళ్ల ఫోన్‌లోనూ మన యాప్‌లోనూ అదే కనబడుతుంది. రద్దీ రోజుల్లో చివరి నాలుగంకెలు బిల్లు మూల మీద రాసి, మా యాప్‌లో సరిచూశాకే బస్తా కదులుతుంది. గుమస్తా మొదట్లో సణిగాడు, ఇప్పుడు నాకన్నా వాడికే పట్టింపు ఎక్కువ. బిల్లు బిల్లుకూ రూపాయలతో సహా వేరే స్కానర్ (క్యూఆర్ కోడ్) చూపించే మిషన్లు కూడా ఉన్నాయి, అద్దె ఎక్కువ. రోజంతా ఒకే ధర వస్తువు అమ్మే షాపైతే అదే తీసుకోవడం మేలు.

రెండోది నెట్‌వర్క్. వాన పడ్డప్పుడు, కరెంటు పోయి టవర్ నీరసించినప్పుడు బాక్స్ మూగబోతుంది, పది నిమిషాల తర్వాత అన్నీ కలిపి ఒకేసారి వాగుతుంది. కాబట్టి పలకలేదంటే పైసలు రాలేదని తేల్చేయొద్దు, యాప్‌లో చూడాలి. "నెట్‌వర్క్ లేదు మేడం, పడతయి తియ్" అనేవాళ్లకు నా జవాబు ఒకటే, పడ్డంక బస్తా తీస్కపోదువు, నీళ్లు తాగి కూసో. బ్యాటరీ సంగతి బాగానే ఉంది, ఫిర్యాదు లేదు.

మూడోది దాని గొంతు. వడ్లమ్ముకున్నాక పాత బాకీ తీర్చడానికి ఒక పెద్దాయన వచ్చి 84 వేలు కొట్టాడు. బాక్స్ రోడ్డవతలికి వినబడేలా చదివింది. ఆయన హార్వెస్టర్ కిరాయి ఇవ్వాల్సిన మనిషి అక్కడే విత్తన సంచుల మీద కూర్చుని ఉన్నాడు. "మేడం, దాని నోరు జర తగ్గియ్యరాదు" అన్నాడు పెద్దాయన, చానా ఆలస్యంగా. అప్పటి నుంచి పెద్ద మొత్తం వస్తుందని తెలిస్తే ముందే సౌండ్ తగ్గిస్తున్నా. తగ్గించే మీట వెనకుంది, చూడకుండా తడిమితే దొరకదు.

ఇంతవరకు దాని పని. ఒకటిన్నర కోసింది వీటికి మాత్రమే కాదు. ఈ బాక్స్ అమ్మేవాళ్లు "ఇక మీ షాపుకు మోసాల ఫికర్ లేదు" అని చెప్పి అమ్ముతారు. ఆ మాటకు కోశాను. మా బజార్లో ఈ రెండు పంటల్లో జరిగిన నష్టాలు చూస్తే పెద్దవేవీ స్క్రీన్‌షాట్ మోసాలు కావు. బాక్స్ ముందు నుంచి వచ్చే దొంగను ఆపుతుంది. పెద్ద దెబ్బలు ఫోన్ నుంచి, వాట్సాప్ నుంచి, కంప్యూటర్ నుంచి వస్తున్నాయి, అక్కడ దీనికి చూపూ లేదు మాటా లేదు.

అసలు బాక్సే ఒక సందు అయింది. మా వరసలో విత్తనాల షాపాయన దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. మెడలో కార్డు, భుజాన కంపెనీ రంగు బ్యాగు. "సార్, మీది పాత మోడల్, కొత్తది ఇస్తున్నాం, అద్దె మాఫీ" అన్నాడు. కేవైసీ అన్నాడు, ఫోన్ అడిగాడు. పనిచేస్తుందో లేదో చూద్దాం, ఒక్క రూపాయి కొట్టండి అన్నాడు. ఆయన కొట్టాడు. ఆ రూపాయి అడిగింది పిన్ ఏ అంకెల మీద నొక్కుతాడో చూడ్డానికి. తర్వాత "లోపల సిగ్నల్ లేదు" అంటూ ఫోన్ పట్టుకుని మెట్ల దాకా వెళ్లి నిలబడ్డాడు. ఆ రోజు అమ్మకం మొత్తం ఆ మెట్ల మీదే ఖాళీ అయింది. కొత్త బాక్స్ మాత్రం కౌంటర్ మీద ఉంది, అది దేనికీ కలవని ఉత్త డబ్బా. ఫోన్ అట్లా చేతికి చిక్కితే డబ్బు లాగడంతో ఆగదు, వ్యాపారుల యాప్‌లలో మన పేరు మీద అప్పుకు అర్జీ పెట్టే మీట కూడా ఉంటుంది. మా షాపులో ఇప్పుడు కంపెనీ మనిషి ఎవరొచ్చినా ముందు యాప్‌లో ఉన్న నంబరుకు మేమే ఫోన్ చేస్తాం. అతనిచ్చిన నంబరుకు చేయం. ఫోన్ మా చేతిలోనే ఉంటుంది.

స్కానర్ మీద రాత్రిపూట వేరే స్టిక్కర్ అంటించిపోయే మోసం గురించి అందరికీ తెలిసిందే. బాక్స్ ఉంటే మొదటి చెల్లింపుకే పలకదు కాబట్టి వెంటనే బయటపడుతుంది, ఆ మార్కులు దానికివ్వాలి. "డబ్బులు వస్తాయి, పిన్ కొట్టండి" మోసం కూడా పాతదే. రావాల్సిన డబ్బుకు పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మనుషుల మధ్య "ఇంత పంపు" అని అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేయించింది కూడా.

ఏపీకే సంగతికి వస్తాను, మా ఊళ్లల్లో ఇప్పుడు అసలు చీడ అదే. పీఎం కిసాన్ ఏడాదికి మూడు విడతలు, విడతకు 2 వేలు. విడత పడే రోజులు దగ్గరకొచ్చాయంటే వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఒక ఫైల్ తిరగడం మొదలవుతుంది. రైతు భరోసా పేరుతో ఒకటి, ట్రాఫిక్ చలానా పేరుతో ఒకటి, పెళ్లి పత్రిక పేరుతో ఇంకొకటి. చివర ఏపీకే అని ఉంటే అది పత్రికా కాదు, లిస్టూ కాదు, యాప్. నొక్కితే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, బ్యాంకు ఓటీపీలు మనకన్నా ముందు వాడు చదువుతాడు. ఆ ఫోన్‌లోని వాట్సాప్ నుంచి అదే ఫైల్ మళ్లీ అన్ని గ్రూపులకూ పోతుంది.

ఇక్కడ షాపువాళ్ల పాత్ర ఏంటో గమనించండి. మా రైతుల గ్రూపులో నాలుగు వందల పైచిలుకు ఉన్నారు. స్టాక్ వచ్చిందనీ, అగ్గితెగులుకు ఏ మందనీ ఎప్పుడూ పెట్టేది మేమే. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి ఫైల్ వస్తే సగం మంది నొక్కరు. మా నంబరు నుంచి వస్తే నొక్కుతారు, "డీలరమ్మ పంపింది గదా" అని. అంటే దొంగకు నా ఖాతాలో ఉన్న డబ్బుకన్నా నా నంబరు మీదున్న నమ్మకం ఎక్కువ విలువైంది. ఇది అర్థమయ్యాక కొన్ని పనులు చేశాం. బ్యాంకు యాప్‌లున్న ఫోన్ వేరే చేశాం, అందులో వాట్సాప్ లేదు. ప్లే స్టోర్ బయటి యాప్‌లు ఎక్కే అనుమతి ఆపేశాం. షాపు వాట్సాప్‌కు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆరంకెల పిన్ పెట్టాం. లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటరేదైనా ఉందా అని అప్పుడప్పుడూ చూస్తాం. గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ పెట్టకుండా చేశాం, దానికి కొందరు అలిగారు. "మా షాపు నుంచి ఎప్పుడూ ఏపీకే రాదు, వస్తే నొక్కకుండా నాకు ఫోన్ చేయండి" అని నా గొంతుతోనే వాయిస్ మెసేజ్ పెట్టాను. రాతలో పెడితే సగం మంది చదవరు.

నొక్కేసి వచ్చినవాళ్లకు నేను చేయించేది ఇది. ముందు ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించడం, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయడం. ఆ తర్వాతే ఫోన్‌ను రీసెట్ కొట్టించడం. చాలామంది ముందు రిపేరు షాపుకు పరుగెత్తుతారు, ఈలోగా డబ్బు ఇంకో నాలుగు ఖాతాలు దాటుతుంది.

బాక్స్ సంతోషంగా చదివే డబ్బులోనే ఒక రకం ప్రమాదకరమైనది. "అక్కా, 20 వేలు స్కాన్ చేస్తా, నగదియ్యి, ఏటీఎంలో లేవు" అని ముక్కూమొహం తెలియనివాళ్లు వస్తారు. బాక్స్ పలుకుతుంది, డబ్బు నిజంగానే పడుతుంది. కానీ అది ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన డబ్బైతే, ఫిర్యాదు వెంబడే జాడ మన ఖాతా దాకా వస్తుంది, బ్యాంకు ఆ మొత్తాన్ని ఆపేస్తుంది, ఒక్కోసారి ఖాతా మొత్తాన్నే. అవతలి పోలీస్ స్టేషన్ వేరే రాష్ట్రంలో ఉంటే తిరగలేక చావాలి. మా వైపు ఒక సెల్ షాపాయనకు సరిగ్గా సీజన్లో ఇదే అయింది. మేం ఎవరికీ స్కాన్ చేయించుకుని నగదు ఇవ్వం, చుట్టమైనా సరే. ఎరువుల అమ్మకం వేలిముద్ర వేయించి పాస్ మిషన్‌లోనే జరుగుతుంది కాబట్టి ఎవరికి ఏం అమ్మామో మాకు రుజువుంటుంది. మందులకు, విత్తనాలకు బిల్లు పుస్తకమే దిక్కు, ఫోన్ నంబరు రాయకుండా ఇవ్వడం మానేశాం. స్కానర్ డబ్బు పడే ఖాతా, కంపెనీలకు ఆర్టీజీఎస్ (బ్యాంకు నుంచి పెద్ద మొత్తాలు పంపే పద్ధతి) చేసే ఖాతా వేరువేరుగా పెట్టుకున్నాం. ఒకటి ఆగినా లారీ ఆగదు.

ఆర్టీజీఎస్ అన్నాను కాబట్టి చెప్తాను. రెండు లక్షలకు తక్కువైతే అది కాదు, కాబట్టి పొరపాటు కూడా రెండు లక్షలకు తక్కువ ఉండదు. డిస్ట్రిబ్యూటర్ లెటర్ హెడ్ మీద "మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈసారి ఈ ఖాతాకు వేయండి" అని మెయిలో వాట్సాపో వస్తుంది. కాగితం అసలుదానిలాగే ఉంటుంది, వాళ్ల మెయిల్లోకి దూరిన దొంగకు మనం ఎంత బాకీ ఉన్నామో కూడా తెలుస్తుంది. ఇదివరకు ఖాతా నంబరు సరిపోతే చాలు, మనం రాసిన పేరు కలిసిందో లేదో చూసే ఏర్పాటు లేదు. ఆర్‌బీఐ ఆదేశంతో 2025 ఏప్రిల్ నుంచి పంపే ముందే ఆ ఖాతా ఎవరి పేరు మీదుందో చూపించే సౌకర్యం బ్యాంకుల్లో వచ్చింది. అది చూడండి. దానికి ముందు డిస్ట్రిబ్యూటర్‌కు ఎప్పటి నుంచో మన దగ్గరున్న నంబరుకు ఫోన్ చేయండి.

చివరికి కంప్యూటర్. ఎరువుల షాపు ప్రాణమంతా ఉద్దెర ఖాతాలో ఉంటుంది. పంట చేతికొచ్చేదాకా మా డబ్బు రైతుల చేలల్లోనే ఉంటుంది, ఎవరి దగ్గర ఎంతో చెప్పేది ఆ లెక్క ఒక్కటే. ఆ లెక్కల సాఫ్ట్‌వేర్‌ను ఫ్రీగా ఎక్కిస్తానని వచ్చే కుర్రాళ్లు మొదట చేసే పని యాంటీవైరస్ ఆపేయడం. దొంగ కాపీ ఎక్కాలంటే అది అడ్డం కదా. ఆ తర్వాత తలుపు తీసే ఉంటుంది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బడిగే ర్యాన్‌సమ్‌వేర్ పెద్ద కంపెనీలకే వస్తుందనుకుంటారు. 2017 మేలో వన్నాక్రై వచ్చినప్పుడు అడిగింది మూడు వందల డాలర్లు, చిన్నవాళ్లు కూడా కట్టగలిగే ధర. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది, దెబ్బతిన్నవాళ్లు ఎక్కువగా దాన్ని ఎక్కించుకోనివాళ్లే. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మా బజార్లో ఇంకా సగం షాపుల్లో అదే నడుస్తోంది.

మేం లెక్కను రెండు పెన్‌డ్రైవ్‌లలో మార్చిమార్చి ఎక్కిస్తాం, ఎక్కించగానే పీకేస్తాం. గుచ్చి వదిలేస్తే వచ్చే వైరస్ దానిక్కూడా తాళం వేస్తుంది. ఒకటి ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది. మామయ్య ఇప్పటికీ ఎర్ర అట్ట పుస్తకంలో విడిగా రాసుకుంటారు. దాన్ని హ్యాక్ చేయాలంటే ముందు ఆయన చేతిరాత చదవగలగాలి, నావల్లే కాదు.

డబ్బు పోయినప్పుడు బ్యాంకు బాధ్యత ఎంత అని చాలామంది అడుగుతున్నారు. 2017లో ఆర్‌బీఐ పెట్టిన రూలు ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. పిన్నో ఓటీపీయో మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేవరకు పోయిందంతా మన లెక్కే. రెండు రకాల్లోనూ గడియారమే మన శత్రువు. విత్తనాల షాపాయన పరువు పోతుందని సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు.

బాక్స్ తీసుకోవాలా అంటే, రోజుకు పదీ ఇరవై మంది స్కాన్ చేసే షాపైనా తీసుకోండి, దాని పని అది చేస్తుంది. గోదాము దగ్గర ఇంకొకటి పెడదామని మావారన్నారు, వద్దన్నాను. అక్కడ వసూలు చేసే అలవాటే మొదలుకాకూడదు. అద్దె మా దగ్గర నెలకు నూరు రూపాయలకు అటూ ఇటూ పడుతోంది, అమ్మకం లేని నెలల్లో కూడా కోస్తారు. మార్చి, ఏప్రిల్‌లలో అది కొంచెం మంటే. తీసుకునే ముందు మూడు అడగండి: అద్దె ఆటోపేలో కోస్తారా, రోజు వసూళ్లలోంచి కోస్తారా, వద్దనుకుంటే వెనక్కి తీసుకునేది ఎవరు. మా బాక్స్ తెచ్చిచ్చిన కుర్రాడికి మూడో ప్రశ్నకు జవాబు తెలియలేదు.